సంఘటనరహిత మంగతాయారు

మంగతాయారు కారు కొన్నది కారు మీద మోజుతో కాదు. గన్నేరుపేటలో ఆమె కుట్టిన జాకెట్టు వేసుకోని ఆడమనిషి లేదు గానీ, కుట్టుమిషను తప్ప కాలితో తొక్కే బండి మరోటి ఆమె ఎరగదు. కారు కావలసింది కూతురికి. ప్రణవికి చిన్నప్పుడే కాళ్లలో సత్తువ పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఊళ్లో ఇంటరు దాకా చదివి, కోటిపాలెం డిగ్రీ కాలేజీలో సీటు తెచ్చుకుంది. కోటిపాలెం పద్నాలుగు కిలోమీటర్లు. బస్సుకి మెట్లుంటాయి. మెట్లు ఎక్కించినా కుర్చీకి చోటుండదు. ఆటో వెంకన్న తీసుకెళ్లేవాడు గానీ, స్కూలు పిల్లల్ని దింపి వచ్చేసరికి కాలేజీలో రెండు క్లాసులు అయిపోయేవి. నూటికి డెబ్బై అయిదు పాళ్లు హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వమని ప్రిన్సిపాలుగారు మొదటి రోజే చెప్పారు. ఆ పిల్ల చదువంతా ఆ అంకె మీద వేలాడుతోంది.

భర్త సూర్యారావు మస్కట్‌లో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. "సెకండ్ హ్యాండుది ఒకటి కొనేసి నువ్వే నేర్చేసుకో. మిషను తొక్కే కాలికి బ్రేకు ఓ లెక్కా" అని ఫోనులో ధైర్యం చెప్పాడు. అంత దూరం నుంచి ఎవరైనా ధైర్యమే చెబుతారు.

కారు దొరకడం సులువుగానే అయింది. పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరైన బుల్లియ్యగారు తొమ్మిదేళ్ల కిందట ఒక తెల్ల కారు కొని, నిమ్మకాయలు తొక్కించి, గుడి చుట్టూ తిప్పి, తెచ్చి షెడ్డులో పెట్టారు. బయటికి తీస్తే దుమ్ము పడుతుందని మళ్లీ తియ్యలేదు. నెలకోసారి ఇంజను స్టార్టు చేసి, చప్పుడు విని, తృప్తిపడి ఆపేసేవారు. సీట్ల మీద షోరూము వాళ్ల ప్లాస్టిక్ కవర్లు కూడా అలాగే ఉన్నాయి. మంగతాయారు చూసింది, బేరం ఆడింది, కొనేసింది. ఇక బీమా, పన్ను సంగతి చూసుకుని స్టీరింగు పట్టుకోవడమే మిగిలిందనుకుంది పాపం.

సరిగ్గా ఆ సంవత్సరమే జిల్లాలో ప్రమాదాలు లేకుండా చెయ్యాలన్న ఉత్సాహం పైవాళ్లకి పుట్టింది. ప్రమాదం అనే మాట జనాన్ని భయపెడుతుందని దానికి 'సంఘటన' అని పేరు పెట్టారు. కొత్తగా డ్రైవింగు నేర్చుకునేవాళ్ల వల్ల సంఘటనలు ఎక్కువని తేల్చారు. బీమా, పన్ను, లైసెన్సు మూడూ ఒకే కిటికీ దగ్గర అయ్యేలా 'అభ్యాసక వాహన సురక్షా కేంద్రం' తెరిచారు. కిటికీ నిజంగా ఒకటే. దాని వెనకాల ప్రత్యేకాధికారి పరాంకుశంగారు ఉంటారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఉత్తర్వు భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు.

"తొమ్మిదేళ్ల బట్టీ ఒక్క క్లెయిమూ లేదండి. దానికేదో బోనసుంటదంట కదండి, ప్రీమియం తగ్గుద్దన్నారు" అంది మంగతాయారు.

"ఉన్నది" అన్నారు పరాంకుశం. "అయితే సదరు బోనసు వాహనమునకు సంబంధించినది కాదు. యజమాని సత్ప్రవర్తనకు సంబంధించినది. యజమాని మారినారు కావున సత్ప్రవర్తన బుల్లియ్యగారితో వెళ్లినది."

"మరి కారుతో నాకేం వచ్చిందండి?"

"వయస్సు వచ్చినది. తొమ్మిది సంవత్సరములు. అందుకు ప్రీమియం కొంత హెచ్చును."

పన్ను సంగతి అడిగింది. బుల్లియ్యగారు కొన్నప్పుడే జీవితకాలపు పన్ను కట్టేశారు, కాగితం కూడా ఉంది. పరాంకుశంగారు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. జీవితకాలపు పన్ను నడపడానికి కట్టినదనీ, నేర్చుకోవడానికి కట్టినది కాదనీ, రెండూ వేరు వేరు ప్రయోజనాలనీ వివరించారు. నేర్చుకునే వాహనానికి 'అభ్యాస సెస్సు' కట్టాలి. అయితే మూడు నెలలు సంఘటన లేకుండా అభ్యాసం చేస్తే సెస్సు పూర్తిగా మాఫీ, ప్రీమియంలో కూడా సగం తగ్గింపు. మంగతాయారుకి కాస్త ఊపిరి వచ్చింది. జాగ్రత్తగా నడిపితే సరిపోతుంది కదా అనుకుంది.

"ఇంకొక్క షరతు. అభ్యాసకురాలి పక్కన సహచర చోదకుడు ఉండవలెను. పదేళ్ల లైసెన్సు ఉండవలెను. ఆ పదేళ్లలో ఒక్క సంఘటన గానీ, చలానా గానీ, ఫిర్యాదు గానీ ఉండరాదు. అట్టివారు పక్కన లేనిచో బీమా వర్తించదు."

"మా ఆయన ఇరవయ్యేళ్ల బట్టీ ట్యాంకరు తోలుతున్నారండి. రమ్మంటే సెలవు పెట్టి వస్తారు."

"ఎచ్చట నడిపినారు?"

"మస్కట్‌లోనండి."

"సదరు అనుభవము ఇసుకలో జరిగినది. ఇచ్చట తారు" అని పరాంకుశంగారు తరవాతి వాళ్లని పిలిచారు.

మర్నాడు మంగతాయారు దావీదుని వెంటబెట్టుకుని వెళ్లింది. రైసుమిల్లు వ్యాను ముప్పయ్యేళ్ల బట్టీ నడుపుతున్నవాడు దావీదు. వరద రోజుల్లో గట్టు మీద, బస్తాల లోడుతో, వెనక్కి నడుపుకొచ్చిన మనిషి. పరాంకుశంగారు కంప్యూటరులోకి చూసి తల అడ్డంగా ఊపారు.

"ఆరేళ్ల కిందట ఒక గేదె కొమ్ము విరిగినట్లు నమోదైనది."

"బండి సెంటర్లో ఆపేసి నేను టీ తాగుతున్నానండి" అన్నాడు దావీదు. "ఆ గేదే వొచ్చి బండిని పొడిసిందండి. బండి కదల్లేదండి, ఊరంతా సూసింది."

"ఎవరు ఎవరిని పొడిచినారు అనునది విచారణకు సంబంధించిన విషయము. మాది నమోదు విభాగము. మీ పేరునకు ఎదురుగా గేదె ఉన్నది. అది తొలగదు."

దావీదు బయటికి వచ్చి బీడీ వెలిగించుకుని, "పోన్లే చెల్లెమ్మా, ఆడు ఇంకోడెవడు ఇలువైనోడో సూసుకోనీ. సాయంత్రాలు మిల్లు చప్టా మీదకి రా, మా వ్యాను మీద నేర్పుతాను. అది రోడ్డు కాదు గదా, ఈళ్ల కాయితాలక్కడికి రావు" అన్నాడు. ఆ మాట ప్రకారమే నెల తిరక్కుండా వడ్లు ఆరబోసే చప్టా మీద మంగతాయారుకి క్లచ్చి, గేర్లు, రివర్సు అన్నీ నేర్పేశాడు. వ్యాను నడిపిన కాలికి కారు బొమ్మలా ఉంటుందన్నాడు. అయినా కాగితాల్లో ఆమె ఇంకా ఏమీ నేర్చుకోలేదు, పక్కన మచ్చలేని మనిషి లేడు కాబట్టి.

మచ్చలేని మనుషుల కోసం కేంద్రం వాళ్లే కంప్యూటరులో వెతికారు. ఊరు మొత్తం మీద ముగ్గురు తేలారు. ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఒకాయన కాలం చేసి రెండేళ్లయింది, ఆయన రికార్డు మాత్రం ఇప్పటికీ శుభ్రంగా ఉంది. మూడోవారు డ్రాయింగు మాస్టారు వేదాద్రిగారు. బ్యాంకులో ఖాతా తెరవడానికి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలంటే, ఆ రోజుల్లో లైసెన్సు తీసుకోవడం సులువని ఎవరో చెబితే తీసుకున్నారు. అప్పట్నుంచి గడువు తీరినప్పుడల్లా భక్తిగా రెన్యువలు చేయిస్తున్నారు. జన్మలో ఏనాడూ స్టీరింగు ముట్టుకోలేదు. అందుకే ఒక్క సంఘటన కూడా జరగలేదు. ఈ రెండో ముక్క ఒక్కటే కాగితం మీద ఉంది.

మంగతాయారు తాంబూలం పట్టుకుని వెళ్లి పిలిస్తే మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని వచ్చారు. కారులో కూర్చుని గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇందులో ఆపేది ఏదమ్మా?"

"మధ్యలోదండి మాస్టారూ."

"మంచిది. ముందు అది తొక్కి పట్టుకో."

"పట్టుకుంటే బండి కదలదండి."

"కదలడానికి తొందరేముంది" అన్నారు మాస్టారు. ఆయన భయం ఆయనది. డెబ్బై ఏళ్లు వచ్చాక మొదటిసారి ఊళ్లో ఆయనకో విలువ వచ్చింది. కార్లు కొన్నవాళ్లందరూ ఆయన అరుగు మీద కాచుకుని ఉంటున్నారు. ఒక్క సంఘటన జరిగితే మళ్లీ మామూలు రిటైరైన డ్రాయింగు మాస్టారు అయిపోతారు. వీధిలో కుక్క కనపడితే వద్దనేవారు. కుక్క లేకపోతే, ఉండవలసిన కుక్క ఎక్కడికి పోయిందో చూసుకుని బయల్దేరదామనేవారు. ఒకరోజు మంగతాయారు తెగించి క్లచ్చి వదలబోతే, మాస్టారు హడలిపోయి "ఆపు" అన్నారు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అదైనా సంఘటన కిందకి వస్తుందేమోనని ఇద్దరూ కేంద్రానికి వెళ్లి అడిగారు.

పరాంకుశంగారు చాలాసేపు నిబంధనల పుస్తకం తిరగేశారు. "ఇంజను అకస్మాత్తుగా ఆగుట అల్పస్థాయి సంఘటన. ఈసారికి హెచ్చరికతో సరిపెట్టెదము" అని, గొంతు తగ్గించి, మంచి మాట చెబుతున్నట్టు ముందుకి వంగారు. "అమ్మా, నిబంధన చిత్తగించండి. 'వాహనమునందు సహచరునితో రోజుకు అరగంట అభ్యాసము' అని ఉన్నది. వాహనము కదులుచుండవలెనని ఎచ్చటనూ లేదు. సంఘటనలన్నియూ కదలిక వలననే కలుగుచున్నవి. అది మా అధ్యయనములో తేలినది."

"అంటే షెడ్డులో కూర్చున్నా సరిపోద్దాండి?"

"ఫొటో అప్‌లోడ్ చేయవలెను. బెల్టు కనపడవలెను."

మంగతాయారుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ మూడు నెలలు సంఘటన లేకుండా గడిస్తే లైసెన్సు చేతికొస్తుంది. తరవాత తన కూతుర్ని తనే తీసుకెళ్లచ్చు. ఆ ఆశతో ఒప్పుకుంది. రోజూ పొద్దున్నే మాస్టారూ తనూ షెడ్డులో కారెక్కి, బెల్టులు పెట్టుకుని అరగంట కూర్చునేవారు. మాస్టారు పేపరు చదివేవారు. ఆమె కాజాలు కుట్టుకునేది. కారు కిటికీలోంచే వెంకన్న ఆటో కోసం వాకిట్లో ఎదురుచూస్తున్న కూతురు కనపడేది. కారు ఇక్కడ, డ్రైవరు ఇక్కడ, బీమా ఇక్కడ, పిల్ల మాత్రం ఆటో కోసం అక్కడ.

"అమ్మా, మీరెలాగూ అరగంట ప్రయాణం చేస్తున్నారుగా, నన్నూ ఎక్కించుకోండి. హాజరేయించుకుని వస్తాను" అంది ప్రణవి ఒకరోజు. ఆ పిల్ల నవ్వుతూనే అంది. మంగతాయారు చేతిలో సూది మాత్రం వేలికి దిగింది.

పరాంకుశంగారి మాట ఊరంతా పాకింది. వారం తిరిగేసరికి ఏ వీధిలో చూసినా ఎర్రటి 'ఎల్' అక్షరం అతికించుకుని కార్లు నిలబడి ఉన్నాయి, లోపల మనుషులు బెల్టులు పెట్టుకుని, అరగంటకో కారు మారే వేదాద్రి మాస్టారి కోసం కాచుకుని కూర్చుని ఉన్నారు. కొందరు క్యారేజీలు తెచ్చుకుని భోజనం కూడా అందులోనే చేసేవారు. బట్టల కొట్టు నాగభూషణంగారికి కారులో కూర్చుంటేనే నిద్ర పడుతోందని భార్య అందరికీ చెప్పింది. రెండో వార్డులో ఒకాయన పొరపాటున హారను నొక్కాడు, మూడు నెలలూ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది. వానలో వైపరు వేస్తే అది కదలికా కాదా అన్నది పైకి రాసి అడిగారు. జవాబు వచ్చేదాకా ఎవరూ వైపరు వెయ్యలేదు.

నేర్చుకునేవాళ్ల వల్ల జిల్లాలో సంఘటనలు సున్నా అయ్యాయి. బీమా వాళ్లు ఒక్క పైసా చెల్లించనక్కర్లేకపోయింది. పెట్రోలు వాడకం తగ్గిందని పర్యావరణం వాళ్లు కూడా ఆ విజయంలో వాటా అడిగారు. పరాంకుశంగారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ ఊపులో ఆయన డ్రైవింగు పరీక్షని కూడా సంస్కరించారు. పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తుంటే కర్రలు పడిపోతున్నాయి, కర్ర పడటం సంఘటన. సంఘటనలు నివారించడానికి పెట్టిన కార్యాలయమే సంఘటనలు చేయించడం సబబు కాదని, పరీక్ష తీసేసి రికార్డు చూసి లైసెన్సు ఇవ్వాలని నిర్ణయించారు.

అలా మంగతాయారుకి లైసెన్సు వచ్చింది. ఊరికే రాలేదు, జిల్లాలో మొట్టమొదటి సంఘటనరహిత అభ్యాసకురాలిగా సభ పెట్టి, శాలువా కప్పి ఇచ్చారు. పరాంకుశంగారు మైకు ముందు నిలబడి, వాహన చోదనమన్నది సంయమనమనీ, ఆ సంయమనం పరాకాష్ఠకి చేరినప్పుడు చక్రం తనంతట తానే నిలిచిపోతుందనీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. వేదాద్రి మాస్టారు కళ్లు తుడుచుకున్నారు.

సభ అయ్యాక మంగతాయారు ఆయన దగ్గరికి వెళ్లింది. "ఇంక రేపట్నుంచి నడుపుకోవచ్చాండి?"

పరాంకుశంగారి మొహంలో రంగు మారింది. "అర్హత ఉన్నది, కాదనను. అయితే అవసరము ఉన్నదా అని ఆలోచించండి. మీ సెస్సు మాఫీ, ప్రీమియం తగ్గింపు, అన్నియూ రికార్డు మీద ఆధారపడి ఉన్నవి. ఒక్క సంఘటన జరిగినచో అపరాధ రుసుముతో సహా రాబట్టబడును. అదియును గాక జిల్లా సున్నా మీ మీదనే నిలిచి ఉన్నది. ఏదైనా జరిగినచో గంటలోపల మాకు తెలియజేయవలెను. వాహనమును శుభ్రముగా ఉంచుకొనండి, చాలును."

మంగతాయారు ఇంటికొచ్చి శాలువా మడిచి బీరువాలో పెట్టింది. కారు షెడ్డులో ఉంది. మూడు నెలల కిందటికీ ఇప్పటికీ ఆమె బతుకులో వచ్చిన తేడా ఏమిటంటే, అప్పుడు నడపడానికి అర్హత లేదు, ఇప్పుడు ధైర్యం లేదు. రుసుము కట్టాలంటే కుట్టుమిషను అమ్మాలి. తాళంచెవి రెండుసార్లు తీసి రెండుసార్లూ మేకుకి తగిలించేసింది. తనంటే తనకే అసహ్యం వేసింది. పరాంకుశంగారి భాష తెలియకుండానే తన ఒంట్లోకి ఎక్కిందేమోననిపించింది.

ఆ గురువారం వెంకన్న రాలేదు. ఆటో ఇంజను బోరుకొచ్చిందని, నాలుగు రోజులు పడుతుందని కబురు పంపాడు. ప్రణవి వాకిట్లో కుర్చీలో పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎంతుందే నీ హాజరు?" అని అడిగింది తల్లి.

"డెబ్బై నాలుగున్నర. ఇంక పరీక్షల దాకా రోజూ వెళ్తేనే చాలుద్ది. ఇవాళ పోతే ఇంక అందదమ్మా." ఒళ్లో పుస్తకాలు సర్దుకుని, "పోన్లే, వచ్చే ఏడు రాస్తాను. నువ్వు దిగులు పడకు. మళ్లీ నీ రికార్డది పాడవుద్ది" అంది.

ఆ 'నీ రికార్డు' అన్న మాట మంగతాయారుకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. కూతురు వెటకారంగా అని ఉంటే పడేది. నిజంగానే తల్లి మీద జాలితో అంది. మంగతాయారు లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చింది. పిల్లని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టింది, కుర్చీ మడిచి వెనకాల పడేసింది. మూడు నెలల్లో మొదటిసారి ఇంజను స్టార్టయింది. ఆ చప్పుడికి ఎదురింటి నాగభూషణంగారు తన కారులో నిద్ర లేచి కూర్చున్నారు.

రివర్సు గేరు వేసింది. షెడ్డులోంచి బాగానే వచ్చింది. వాకిలి దాటుతుంటే వెనక ఎడమవైపు గేటు స్తంభానికి కొట్టుకుని లైటు పగిలింది. డొక్కలో ఒక సొట్ట పడింది.

మంగతాయారు దిగి చూసింది. వీధిలో ఆగి ఉన్న కార్లన్నింట్లోంచీ తలకాయలు బయటికి వచ్చాయి. మూలమీద కారులో ఎవరికో సహచరుడిగా కూర్చుని ఉన్న వేదాద్రి మాస్టారు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ఎంత పని జరిగిపోయిందమ్మాయ్. లోపల పెట్టెయ్, ఎవరూ చూడలేదందాం" అన్నారు. చుట్టూ ఇరవై మంది చూస్తున్నారు.

ఆమెకి బెంగ కలగలేదు. గుండెల మీద నుంచి మూడు నెలల బరువు ఎవరో దించినట్టయింది. కాపాడుకోవలసింది ఇంకేమీ లేదు, ఇక హాయిగా వెళ్లచ్చు. కట్టవలసింది కడతాను, మిషను పోతే అద్దె మిషను మీద కుడతాను అనుకుంది. "తప్పుకోండి మాస్టారూ, పిల్లకి టైమైపోతోంది" అని కారెక్కింది.

కాలవ వంతెన మీద ఒకసారి ఇంజను ఆగిపోయింది, వెనక లారీవాడు ఏదో అన్నాడు. గొర్రెల మంద అడ్డం వస్తే అది దాటేదాకా ఆగింది. కోటిపాలెం పొలిమేర వచ్చాక ప్రణవి మెల్లిగా, "అమ్మా, ఇందాకట్నుంచీ రెండో గేరులోనే వస్తున్నాం. మూడోది కూడా ఉంటదేమో" అంది. మంగతాయారు మూడోది వేసింది. మొదటి గంట కొట్టేసరికి కాలేజీ మెట్ల పక్క ర్యాంపు దగ్గర కారు ఆగింది. కూతురు కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్లి, క్లాసు గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. మంగతాయారుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు.

ఇంకా గంట కాలేదు. నిబంధన నిబంధనే కదా అని కేంద్రానికి ఫోను చేసింది.

"సంఘటన జరిగిందండి."

అవతల పరాంకుశంగారు ఆ మాట మళ్లీ రెండుసార్లు చెప్పించుకున్నారు. జిల్లా సున్నా పోయిన మనిషికి ఆ మాత్రం టైము కావాలి. తరవాత, కలం తీసుకున్నట్టున్నారు, "ఏమి జరిగినదో వివరముగా చెప్పండి" అన్నారు.

"గేటు స్తంభానికి తగిలిందండి, లైటు పోయింది. తరవాత మా అమ్మాయి టైముకి కాలేజీకెళ్లిందండి."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"రెండవదానికి మా ఫారములో గడి లేదమ్మా" అన్నారు పరాంకుశంగారు. "స్తంభము ఒక్కటే నమోదు చేసుకొనుచున్నాను."